పాచి పట్టని బకెట్టు

వెండినీ రాగినీ కలిపి కంటికి కనిపించనంత సన్నటి పొడి చేయడం మీద నేను పరిశోధన చేస్తున్నానని చెప్తే మా బంధువుల్లో ఒక్కరు కూడా నన్ను గౌరవించిన పాపాన పోలేదు. రెండువేల సంవత్సరం దాటి అప్పటికి కొన్నేళ్లయింది. నానో అన్న మాట ఇంకా అనంతపురం దాకా రాలేదు. వచ్చినా బస్టాండులో దిగి, మా యూనివర్సిటీకి ఆటో దొరక్క అక్కడే కూర్చుని ఉంటుంది. ఒక పెళ్లిలో మా పెద్దమ్మ నన్ను నలుగురి ముందు నిలబెట్టి అడిగింది.

"ఏమే, వెండి కరగబోస్తాండావంట? నగల అంగడి పెడతావా ఏమి?"

"నగలు కాదు పెద్దమ్మా, పొడి. వెండీ రాగీ రెండూ ఒకే రేణువులో కలిసిపోవాల. వెంట్రుకను నిలువునా వేల పోగులు చీలిస్తే ఒక పోగు ఎంత ఉంటాదో, అంత రేణువు."

"అంటే కంటికి కనపడదా?"

"కనపడదు."

"కనపడని వెండితో ఏం లాభమే!" అనేసి పెద్దమ్మ వడ్డన జరిగే వైపు వెళ్లిపోయింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు భోజనం చెయ్యకుండా వచ్చేద్దామనుకున్నాను గానీ, ఆ పెళ్లిలో ఓళిగలు, అంటే బొబ్బట్లు, పెడుతున్నారని తెలిసి ఆగాను. పెద్దమ్మ నన్ను చెప్పనివ్వలేదు కాబట్టి ఆ లాభమేదో ఇక్కడ చెప్తాను.

రంగులూ పురుగుమందులూ తయారుచేసే చోట్ల నీళ్లలో కలిసిపోయే ఒక పసుపుపచ్చ రసాయనం ఉంది. దానికి ఒక తెల్లటి మందు కలిపితే రంగు విరిగిపోవాలి. కానీ ఆ రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కూర్చుంటాయే తప్ప ఏమీ చెయ్యవు. అందులో నా పొడి చిటికెడులో చిటికెడు వేస్తే, మనం క్యాంటీనుకు వెళ్లి టీ తాగి వచ్చేలోగా పసుపు అంతా పోయి తేట నీళ్లయిపోతుంది. పొడి మాత్రం ఖర్చు కాదు. సంబంధం కుదిర్చిన పెద్దమనిషి లాగా పని చేయించి పక్కకు తప్పుకుంటుంది. పుస్తకాల్లో దీన్ని ఉత్ప్రేరకం అంటారు.

అదే పొడికి ఇంకో గుణం ఉంది. బ్యాక్టీరియాను చంపుతుంది. గాజు పళ్లెంలో బ్యాక్టీరియాను పెంచి, నా పొడి కలిపిన నీళ్లలో తడిపిన చిన్న కాగితం బిళ్లను మధ్యలో పెడితే, బిళ్ల చుట్టూ అవి చచ్చిపోయి గుండ్రంగా ఒక తేట వలయం ఏర్పడుతుంది. ఈ పని నాకు చేసిపెట్టేది పక్క బ్లాకులోని మైక్రోబయాలజీ స్నేహితురాలు. ఆమెది కణేకల్. కాలువ నీళ్ల ఊరు. ఆ ధీమా ఆమె నడకలోనే కనిపించేది.

ఈ రెండు పరీక్షల్లోనూ కంట్రోల్ అని ఒకటి ఉంటుంది. అంటే అన్నీ అలాగే చేసి, పొడి ఒక్కటి వెయ్యకుండా పక్కన పెట్టడం. అందులో పసుపు పసుపుగానే ఉండాలి, బ్యాక్టీరియా పిల్లాపాపలతో సుఖంగా ఉండాలి. అప్పుడే ఘనత పొడిది అని చెప్పుకోవచ్చు. మొదటి రెండేళ్లూ నా కంట్రోళ్లు బుద్ధిగా పసుపుపచ్చగా ఉన్నాయి. నా మీద నాకు మహా గురి ఏర్పడింది కూడా.

ఆ తర్వాత వానలు మొహం చాటేసిన ఏడాది వచ్చింది. మా డిపార్టుమెంటులో కుళాయి తిప్పితే గాలి వచ్చేది. నీళ్లు ట్యాంకరులో వచ్చేవి, అదీ వాళ్లకు బుద్ధి పుట్టినప్పుడు. ఆ నీళ్లనే కాచి ఆవిరి పట్టి డిస్టిల్డ్ వాటర్ చేసుకోవాలి. దానికి కాపలా మా ల్యాబ్ అటెండరన్న.

అన్న సొంతూరు తనకల్లు వైపు. వేరుశనగ పంట పోయీ పోయీ, బోరు ఎండిపోయాక టౌనుకు వచ్చి ఈ ఉద్యోగంలో చేరాడట. ల్యాబులో ఎవరైనా సీసా పగలగొడితే ఏమీ అనేవాడు కాదు. నీళ్లు ఒలకబోస్తే మాత్రం వాళ్ల వంశం మొత్తాన్నీ తలుచుకునేవాడు. ఆ కరువు ఏడాదిలో అన్న ఒక చట్టం చేశాడు. కిటికీ దగ్గర, సింకు పక్కన మూడు బకెట్లు పెట్టాడు. మొదటి దాంట్లో సబ్బుతో కడగాలి. రెండో దాంట్లో జాడించాలి. మూడో దాంట్లో డిస్టిల్డ్ వాటర్, ఆఖరి మునక అందులో. సాయంత్రం మొదటి బకెట్టు గోడవతల క్రోటన్ మొక్కలకు పోతుంది, రెండోది మొదటిదవుతుంది. మూడోదాన్ని మాత్రం ఊరికే పారబోయడానికి వీల్లేదు. తగ్గినంత పొయ్యడమే.

"ఎప్పుడు మారుస్తావన్నా దీన్ని?" అని అడిగాను ఒకసారి.

"పాచి పడితే మారుద్దాం. వాసనొస్తే మారుద్దాం. యాడొస్తాండాది? చూడు పాపా, ఉగాది నుంచి ఎండలో ఉండాది, ఇంత జిగురు గూడా లేదు. గంగమ్మ తల్లి కూచ్చోనుండాది నా మూడో బకెట్లో."

కొత్తగా చేరిన వాళ్లందరికీ ఆ బకెట్టును చూపించేవాడు. మేమూ మెచ్చుకునేవాళ్లం. మెచ్చుకోకేం? నేను పుట్టింది బుక్కరాయసముద్రంలో. అంత పెద్ద చెరువు పక్కన ఉండి, చెరువులో పిల్లలు క్రికెట్ ఆడుకునే ఏళ్లు చూసినదాన్ని. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, గిన్నెలు కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు, బట్టలు జాడించిన నీళ్లు వాకిట్లో చల్లడానికి. నీళ్లను ఒక్క పనికే వాడి పారబోస్తే మా అమ్మ ఊరుకునేది కాదు. కాబట్టి అన్న చట్టం నాకు చట్టంలా అనిపించలేదు, మా ఇల్లే అనిపించింది.

మా గైడు సారుది కృష్ణా డెల్టా. మంచి మనిషి, మాట మెత్తన. గాజు సామాను ఎలా కడుగుతున్నారని ఆయన ఎప్పుడూ అడగలేదు. వాళ్ల ఊళ్లో కడగడం అంటే కడగడమే, అందులో అడగడానికేముంది? ఆ వేసవిలో పిలిచి చెప్పారు.

"వేసవి చివరికి నీ ఫెలోషిప్ అయిపోతుందమ్మా. ఫలితాలన్నీ ఇంకొక్కసారి తిరగచేసి చూపించు. అవే వస్తే థీసిస్ రాసుకుందువుగాని."

అదెంత పని అనుకున్నాను. ఆ మర్నాడే రెండు ఫ్లాస్కులు పెట్టాను. ఒక దాంట్లో పొడి, ఒక దాంట్లో లేదు. టీ తాగి వచ్చేసరికి పొడి వేసింది తేటగా అయ్యింది. శభాష్ అనుకుని రెండోదాన్ని చూస్తే అదీ పాలిపోతోంది. నేను చూస్తుండగానే, నన్ను వెక్కిరిస్తున్నంత నిదానంగా, అదీ తేట నీళ్లయిపోయింది.

ఫ్లాస్కులు తారుమారు చేశానేమో అనుకున్నాను. మళ్లీ చేశాను. అదే తంతు. మందు పాతబడిందేమో అని కొత్త సీసా తెరిచాను. అదే తంతు. పెళ్లిలో పెద్దమ్మ దిష్టి పెట్టిందేమో అని కూడా ఒక క్షణం అనుమానించాను. ఇంతలో మా కణేకల్ పిల్ల గాజు పళ్లెం పట్టుకుని వచ్చింది. మా ల్యాబ్ ఫ్లాస్కులో పంపిన ఉత్త నీళ్లలో తడిపిన కంట్రోల్ బిళ్ల చుట్టూ కూడా సన్నటి వలయం ఒకటి ఏర్పడి ఉంది.

"నీ మందు చానా గొప్పదే తల్లీ. వెయ్యని చోట గూడా చంపుతాండాది," అంది.

దాన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు, దాని చేతిలో బ్యాక్టీరియా ఉంది.

సారు రెండూ చూశారు. తర్వాత మెత్తగానే అన్నారు. "పొడి వెయ్యకుండానే రంగు పోతోందంటే, మనం మూడేళ్లుగా చూసింది పొడి పనేనని ఎలా చెప్పగలమమ్మా? కారణం పట్టుకో. పట్టుకోలేకపోతే నేను సంతకం పెట్టలేను. ఏమీ అనుకోకు."

ఏడుద్దామని బాత్రూముకు వెళ్లాను. కుళాయిలో నీళ్లు లేవు. ముఖం కడుక్కునే వీలు లేని చోట ఏడిస్తే అందరికీ తెలిసిపోతుందని ఏడవకుండానే వెనక్కి వచ్చాను. మూడేళ్ల పని. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివినదాన్ని నేనొక్కదాన్నే. పెద్దమ్మ అడిగిన ప్రశ్న చెవిలో గింగురుమంటోంది.

కారణం దొరికింది మా పెరట్లో. ఆ ఆదివారం అమ్మ నా చేతికి కొబ్బరి పీచు ఇచ్చి నీళ్ల డ్రమ్ము రుద్దమంది.

"మొన్న పట్టిన నీళ్లు. అప్పుడే యెట్ల పాచి పట్టె చూడు. అడుగున బాగా రుద్దు. చదువుకున్న దానివి ఇదన్నా సరిగా చెయ్యి."

విసుక్కుంటూ డ్రమ్ములోకి తల దూర్చి రుద్దుతున్నాను. పచ్చగా, జిగురుగా, వేళ్లకు అంటుకుంటోంది. ఆ నీళ్లు పట్టి నాలుగు రోజులు కూడా కాలేదు. నిలవ నీళ్లన్నాక ఇంతే. ఎండ తగిలితే పాచి పట్టక మానదు. మరి అన్న మూడో బకెట్టుకు ఎందుకు పట్టలేదు?

డ్రమ్ములోంచి తల బయటికి తీశాను. ఉగాది నుంచి కిటికీ పక్కన ఎండలో ఉన్న నీళ్లకు పాచి పట్టలేదంటే, గంగమ్మ కాదు అందులో ఉన్నది. పాచిని బతకనివ్వనిది ఏదో ఉంది. నా పొడి అంటిన ప్రతి ఫ్లాస్కూ, ప్రతి గొట్టమూ ఆఖరున అందులోనే మునిగింది. ఎన్నిసార్లు మునిగితే అంత పొడి అందులో చేరింది. పొడి లేని కంట్రోల్ ఫ్లాస్కు కూడా అందులోనే మునిగి, అంటించుకోవాల్సింది అంటించుకుని బయటికి వచ్చింది. పాచి పడితే మారుద్దామని మేము కూర్చున్నాం. పాచి పట్టనివ్వని మందును మేమే రోజూ అందులో పోస్తున్నాం.

"అయిపోయిందా రుద్దడం?" అంది అమ్మ.

"అయిపోయిందమ్మా," అన్నాను. నిజానికి సగం కూడా కాలేదు.

మర్నాడు పొద్దున్నే క్యాంటీనుకు వెళ్లి టీ గ్లాసులు అడిగాను.

"టీ లేకుండానా?" అన్నాడు క్యాంటీను అన్న.

"ఉత్త గ్లాసులు. కడిగినవి."

"కడగనివి ఇస్తానా ఏమి నేను? తీసుకో. పగలగొడితే మీ సారును అడుగుతా."

మా బకెట్ల ముఖం చూడని గాజు నా చేతికి అందే దూరంలో అదొక్కటే. మెడికల్ షాపులో కొత్త సిరంజీలు కొన్నాను. డిస్టిల్డ్ వాటర్ నేరుగా యంత్రం గొట్టం కింద పట్టుకున్నాను. సారునూ, స్నేహితురాలినీ, అటెండరన్ననూ పిలిచి, టీ గ్లాసుల్లో పసుపు రసాయనమూ తెల్లటి మందూ కలిపి వరసగా పెట్టాను. పొడి దేంట్లోనూ వెయ్యలేదు. మాట్లాడుకుంటూ కూర్చున్నాం. గ్లాసులన్నీ పసుపుపచ్చగానే ఉన్నాయి. క్లాసుకు టైమైందని సారు లేవబోతుంటే ఆపి, ఒక్క గ్లాసులో మాత్రం మూడో బకెట్టు నీళ్లు సిరంజీతో కాసిని వేశాను.

ఆ ఒక్క గ్లాసూ పాలిపోవడం మొదలైంది. తక్కినవి కదల్లేదు. కాసేపటికి అది మంచినీళ్ల గ్లాసులా అయిపోయింది. సారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. మా కణేకల్ పిల్ల నా వీపు మీద ఒక్కటి చరిచింది. అది సంతోషం వస్తే కొట్టే రకం.

అన్నకు మాత్రం అర్థం కాలేదు. "అంటే ఏమి పాపా?"

"నా పొడంతా నీ బకెట్లోనే ఉండాదన్నా. మనం కడిగిన సామానుకంతా అది అంటుకుంటాండాది."

"నేను దినామూ చూస్తాండా కదా. తేటగా ఉండాది."

"కనపడదన్నా. అంత సన్నం."

అన్న బకెట్టు దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు. "అయితే ఇన్నాళ్లూ నేను కాపాడింది చెడ్డ నీళ్లనా?"

నా థీసిస్ బతికిందని ఎగురుతున్నదాన్ని, ఆ మాటతో చల్లబడిపోయాను. చెడ్డ నీళ్లు కాదన్నా అని ఏదో చెప్పబోయాను గానీ, అప్పటికే అన్న గది దాటి వెళ్లిపోయాడు.

సారు దారి చెప్పారు. సామానంతా యాసిడ్‌లో నానబెట్టాలి. తర్వాత ఒక్కోదాన్నీ కొత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ మళ్లీ కడగాలి. కడిగిన నీళ్లు కడిగినట్టు వేరే డ్రమ్ములో పారబోయాలి. అప్పుడు పరీక్షలన్నీ మొదటినుంచి చెయ్యాలి. కంట్రోల్ పసుపుగా నిలవాలి. వేసవిలో ఇక మిగిలింది కొద్ది రోజులే.

ఇది అన్నకు చెప్పడానికి నేనే వెళ్లాను.

"కడిగిన నీళ్లు చెట్లకు పోస్తామా?" అన్నాడు.

"వద్దన్నా. యాసిడ్ ఉంటాది. పొడి ఉంటాది. మన్నులోని పురుగూ పుట్రా చస్తాయి."

"కక్కసుకు?"

"దానికీ వద్దు. డ్రమ్ములో పోసి ఎండబెట్టాల."

"అంటే దేనికీ పనికిరావు."

"రావన్నా."

"నా చేత కాదు పాపా. మా ఆడమనిషి ట్యాంకరు కాడ రెండు బిందెల కోసరం జుట్లు పట్టుకోని కొట్లాడుతాండాది. ఈడ నేను నిలబడుకోని మంచి నీళ్లు పారబోసేది చూడాల్నా?"

"అట్లయితే నా మూడేళ్లు పారబొయ్ అన్నా! అవైతే చూస్తావు కదా!" అని అరిచేశాను. అన్న స్టూలు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

కోపంగా లోపలికి వచ్చి, ఉన్న కాస్త డిస్టిల్డ్ వాటరుతో మొదటి ఫ్లాస్కు కడిగాను. డ్రమ్ము మీద వంచబోయాను. చెయ్యి వంగలేదు. అంత తేట నీళ్లు. మా అమ్మ నా వెనకే నిలబడి చూస్తున్నట్టుంది. కళ్లు మూసుకుని వంచాను. అన్న మీద కోపం అక్కడికక్కడే పోయింది. పోతే పోయింది గానీ పని సాగలేదు, ఎందుకంటే ఆ వారం ట్యాంకరు రాలేదు.

యంత్రం ఎండిపోయి నిలబడింది. సారు ఆఫీసుకు ఫోను చేస్తే రేపు అన్నారు. ఆ రేపు వచ్చి వెళ్లిపోయింది, ట్యాంకరు రాలేదు. సామానంతా యాసిడ్ తొట్టిలో మునిగి ఉంది. రోజులు అయిపోతున్నాయి. ఇక ఇంటికి వెళ్లి డ్రమ్ములు రుద్దుకోవడమే అని తేల్చుకుని, నా పుస్తకాలు సంచిలో సర్దుతున్నాను.

అప్పుడు వరండాలో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. అటెండరన్న క్యారియరుకు రెండు వైపులా రెండు ప్లాస్టిక్ బిందెలు కట్టుకుని వచ్చాడు. చొక్కా అంతా చెమట. వాళ్ల కాలనీ నుంచి యూనివర్సిటీ దాకా, ఆ ఎండలో, ఒలక్కుండా తొక్కుకుంటూ వచ్చాడు. బిందె మూతికి తడి గుడ్డ గట్టిగా బిగించి ఉంది. లోపలికి తెచ్చి తనే యంత్రంలో పోశాడు.

"యాడివన్నా ఇవి?"

"మా ఇంటివి."

"వదిన ఏమీ అనలేదా?"

"అనింది. చానా అనింది. నీక్కూడా కొన్ని అనింది, చెప్పనులే." గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "కడుగు పాపా. ఎంత కావాలంటే అంత పారబొయ్. నేను మాత్రం చూడను. బయట కూచ్చుంటా."

వరండా మెట్ల మీద, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను ఒక్కో ఫ్లాస్కూ కడిగి, ఒక్కో కడుగూ డ్రమ్ములో వంచాను. వంచినప్పుడల్లా చప్పుడు కాకుండా డ్రమ్ము గోడ వారగా జారవిడిచాను, బయటికి వినపడకూడదని. ఈసారి ఏడుపు ఆగలేదు. ఆ బిందెలతో వాళ్లింట్లో రెండు పూటలు గడిచేవి. మర్నాడూ తెచ్చాడు. ఆ మర్నాడు ట్యాంకరు వచ్చింది కాబట్టి తేలేదు, ఖాళీ బిందెలు వరండాలోనే ఉండిపోయాయి.

సామాను ఆరాక ఫ్లాస్కులు పెట్టాను. పొడి వేసింది తేట పడింది. కంట్రోల్ పసుపుపచ్చగా నిలబడింది. టీ తాగి వచ్చాం, అలాగే ఉంది. భోజనం చేసి వచ్చాం, అలాగే ఉంది. పక్క బ్లాకులో మా స్నేహితురాలి కంట్రోల్ పళ్లెంలో బ్యాక్టీరియా బిళ్ల అంచు దాకా పాకి హాయిగా ఉంది. సారు ఫ్లాస్కును వెలుతురులో పట్టి చూసి, "ఇక రాసుకోమ్మా," అన్నారు. అంతకన్నా పెద్ద మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

అన్నను పిలిచి కంట్రోల్ ఫ్లాస్కు చూపించాను. చాలాసేపు చూశాడు. ముఖం దిగాలుగా పెట్టాడు.

"ఇదేమి పాపా, రంగు పోనే లేదే. అన్ని నీళ్లు పారబోస్తిమి కదా."

"పోకూడదన్నా. దీంట్లో పొడి వెయ్యలేదు. కడిగిన నీళ్లలో ఏ మచ్చా లేకుంటేనే ఇట్ల పసుపుగా నిలుస్తాది. ఏమన్నా ఉండుంటే ఈ పాటికి పోయేది."

అన్న ఫ్లాస్కును చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ వైపు తిరిగాడు.

"అంటే మా నీళ్లు మంచివే."

"మంచివే అన్నా."

"నిజంగానేనా? నన్ను సంతోషపెట్టేకి చెప్తాండావా?"

"నేను చెప్పేదేముందన్నా. అదే చెప్తాండాది కదా."

ఫ్లాస్కును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "అయితే మా ఇంట్లో ఆయమ్మకు చెప్పాల," అని, ఖాళీ బిందెలు రెండూ సైకిలుకు కట్టుకున్నాడు.